ఎవరికి ఎగ్గొట్టానమ్మా?

(హైదరాబాద్‌లోని ఒక కాలనీ గ్రంథాలయంలో విశ్రాంత బ్యాంకు అధికారిణి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కుట్టు మిషను మీద గుడ్డ కప్పి వచ్చిన అక్కచెల్లెళ్లకు, తోపుడు బండిని పక్కవాళ్లకు అప్పగించి వచ్చిన అన్నదమ్ములకు మరీ మరీ నమస్కారం. సాయంత్రం పూట బేరం వదులుకుని రావడం అంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను: ఇంతకుముందు అప్పే తీసుకోనివాళ్లకు బ్యాంకులో అప్పు ఎందుకు పుట్టడం లేదు, దానికి ఏం చేయాలి అన్నది.

ముందు ఒక నోటు పుస్తకం గురించి చెప్పాలి.

నేను బ్యాంకులో 34 ఏళ్లు పనిచేశాను. చివరి పన్నెండేళ్లు అప్పుల దరఖాస్తులు చూసే కుర్చీలో కూర్చున్నాను. 2016లో ఒక మధ్యాహ్నం సీతాఫల్‌మండి నుంచి ఒకావిడ వచ్చింది. జాకెట్లు కుట్టి బతికే మనిషి. పెళ్లిళ్ల రోజులు దగ్గర పడుతున్నాయి, చేతినిండా పని ఉంది, పాత తొక్కుడు మిషనుతో అంత పని తెమలడం లేదు. మోటారు మిషను, అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కొనుక్కోవాలి, 40,000 రూపాయలు కావాలి అంది. ఆధార్ కార్డు ఇచ్చింది, పాన్ కార్డు ఇచ్చింది. ఆ తర్వాత, నేను అడక్కుండానే, సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

వంద పేజీల రూళ్ల పుస్తకం అది. అట్ట ఊడిపోతే పాత క్యాలెండరు కాగితంతో మళ్లీ అట్ట వేసుకుంది. ఎడమ పేజీల్లో ఇంటి అద్దె. నెల, తేదీ, ఎంత ఇచ్చిందీ, పక్కన ఇంటి యజమాని పొడి సంతకం. 2007 నుంచి ఒక్క నెల తప్పలేదు. ప్రతి నెలా 5వ తేదీయే. ఒక్కచోట మాత్రం 11 అని ఉంది. దాని పక్కన చిన్న అక్షరాలతో ‘ఆయన పోయిన నెల’ అని రాసుకుంది. కుడి పేజీల్లో చీటీ లెక్క. నెలకు రెండు వేల చొప్పున ఇరవై నెలల చీటీలు నాలుగు, నాలుగూ చివరిదాకా కట్టింది. ఒక చీటీ ఆరో నెలలోనే పాడి డబ్బు ఎత్తుకుంది. ఎత్తుకున్న తర్వాత మిగిలిన పద్నాలుగు నెలలూ తేదీ తప్పకుండా కట్టింది. అప్పు తీర్చడం అంటే అంతకంటే వేరే ఏముంది?

నేను ఆమె పాన్ నంబరు కంప్యూటర్‌లో కొట్టాను. అప్పులు ఎలా తీర్చామో చూసి వేసే స్కోరు ఉండవలసిన చోట ‘మైనస్ ఒకటి’ అని వచ్చింది. చరిత్ర లేదు అని దాని అర్థం. కుదరదమ్మా అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, ‘నేను ఎవరికి ఎగ్గొట్టానమ్మా?’ అని అడిగింది.

ఎవరికీ ఎగ్గొట్టలేదు, నువ్వు ఇప్పటిదాకా అప్పే తీసుకోలేదు, ఇబ్బంది అక్కడే వచ్చింది అని చెప్పాను. ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే సహజం. పుస్తకం మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మీలో కొందరికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే ముద్ర పథకం 2015లోనే వచ్చింది కదా, తాకట్టు లేకుండా 50,000 దాకా ఇవ్వవచ్చు కదా అని. నిజమే, ఇవ్వవచ్చు. ఆ దరఖాస్తు నేను పైకి పంపించవలసింది. పంపలేదు. స్కోరు లేని కాగితం పైకి పోతే తిరిగి వస్తుందన్న భయం అప్పటికే మాకు అలవాటైపోయింది. నియమం అడ్డం రాలేదు, అలవాటు అడ్డం వచ్చింది. ఆ రోజు నేను చేసింది తప్పు. పదవీ విరమణ తర్వాత ఇలా నాలుగు వాడలు తిరిగి మాట్లాడుతున్నానంటే ఆ నోటు పుస్తకమే కారణం.

ఇంతకీ ఆ నంబరు ఏమిటి? మన దేశంలో అప్పుల చరిత్రను నమోదు చేసే కంపెనీలు నాలుగు ఉన్నాయి: సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. సిబిల్ 2000లో మొదలైంది. వీటి కోసం 2005లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసింది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తాము ఎవరికి ఎంత అప్పు ఇచ్చాయో, వాళ్లు ఏ నెల కట్టారో, ఏ నెల కట్టలేదో వీటికి పంపుతాయి. పదిహేను రోజులకు ఒకసారి పంపాలన్న నియమం 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఆ లెక్క మీద 300 నుంచి 900 మధ్య ఒక అంకె వేస్తారు. జనం నోట్లో ఆ అంకె పేరు సిబిల్ స్కోరు.

ఈ అంకెలోకి వచ్చేవి అప్పులు, క్రెడిట్ కార్డులు మాత్రమే. మీ పొదుపు ఖాతాలో ఎంత ఉన్నా రాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఎంత ఉన్నా రాదు. ఫోనులో రోజుకు వంద చెల్లింపులు చేసినా రాదు. డెబిట్ కార్డు రాదు. ఇంటి అద్దె, వీధి చీటీ, కిరాణా కొట్టు ఖాతా, పిల్లల బడి ఫీజు మామూలుగా అయితే ఇవేవీ రావు. అంటే మన ఇళ్లలో మాట నిలబెట్టుకోవడం ఎక్కడెక్కడ జరుగుతుందో, సరిగ్గా ఆ చోట్లన్నీ ఈ అంకెకు కనిపించవు.

మా నాన్నగారు కోఠీలో ఒక అచ్చు యంత్రాల ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేసేవారు. ‘అప్పు లేని గంజి దొప్పెడే చాలు’ అనేవారు. ఊరికే అనడం కాదు, అలాగే బతికారు. పండక్కి బట్టలు కొనలేకపోతే కొనలేదు గానీ చేబదులు అడగలేదు. ఆయన ఈ రోజుల్లో ఉండి ఏ బ్యాంకుకైనా వెళితే, ఆయన పేరు పక్కన కూడా మైనస్ ఒకటి అనే వచ్చేది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అలాగని ఈ పద్ధతి అంతా చెడ్డదని నేను అనను. స్కోరు రాకముందు రోజులు నేను చూశాను. అప్పట్లో మేనేజరుకు తెలిసినవాళ్లకు అప్పు దొరికేది. ఎవరో పెద్దమనిషి చెబితే దొరికేది. ఏ వీధివాళ్లు, ఎవరి మనుషులు అన్నది ముందు చూసేవారు. స్కోరుకు ఆ పట్టింపు లేదు. ఊరూ పేరూ తెలియని కుర్రవాడు మూడేళ్లు బండి కిస్తీలు సరిగ్గా కడితే, ఎవరి సిఫారసూ లేకుండా నాలుగో ఏట అప్పు పుడుతుంది. ఇది చిన్న విషయం కాదు. నా బాధ అంతా ఒక్కటే. లెక్కలో లేని మనిషికీ, లెక్క తప్పిన మనిషికీ తేడా చూడకుండా ఇద్దరినీ ఒకే గుమ్మంలోంచి బయటికి పంపడం అన్యాయం.

అలా పంపితే ఆ మనిషి ఎక్కడికి వెళుతుందో చూద్దాం. సీతాఫల్‌మండి ఆవిడ గిరిగిరికి వెళ్లింది. ఇక్కడ చాలామందికి గిరిగిరి అంటే విడమరచి చెప్పక్కర్లేదు. 10,000 అని రాసుకుంటారు, ముందే వెయ్యి పట్టుకుని చేతిలో 9,000 పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి ‘పది వేలకు వెయ్యి, పది శాతమే కదా’ అనిపిస్తుంది. కానీ ఆ పది శాతం ఏడాదికి కాదు, వంద రోజులకు. పైగా మీరు రోజూ కడుతూనే ఉన్నారు కాబట్టి ఆ 9,000 వంద రోజులూ మీ దగ్గర ఉండదు, సగటున సగం కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. లెక్క కడితే ఏడాదికి సుమారు 78 శాతం వడ్డీ పడుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే అమ్మో అంటాం, అది ఏడాదికి 36 శాతం. గిరిగిరి దానికి రెట్టింపు దాటింది. ఆవిడ అలాంటివి నాలుగు ఒకేసారి ఎత్తింది. రోజుకు నాలుగు వందలు. ఒక్క రోజు కూడా తప్పలేదని తర్వాత నాకు చెప్పింది. వంద రోజులు, అంత వడ్డీకి, ఒక్క రోజు తప్పకుండా! ఆ వంద రోజుల్లో ఒక్క రోజు కూడా ఏ కంప్యూటర్‌లోనూ నమోదు కాలేదు. అది తీరిన మర్నాడు కూడా ఆమె చరిత్ర మైనస్ ఒకటే.

ఉద్యోగస్తులకు ఈ బాధ లేదనుకోవద్దు. జీతంలోనే సర్దుకుని, ఏదైనా సరే రొక్కం పెట్టి కొని, నలభై అయిదేళ్లకు మొదటిసారి ఇంటి అప్పుకు వెళ్లేవాళ్లు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. కొన్ని బ్యాంకుల వడ్డీ పట్టికల్లో స్కోరు లేనివారికి వేరే వరుస ఉంటుంది. 40 లక్షల అప్పు, ఇరవై ఏళ్లు అనుకోండి. 8.5 శాతం బదులు 8.75 శాతం పడితే నెలకు 635 రూపాయలు ఎక్కువ. ఇరవై ఏళ్లకు లక్షన్నర పైచిలుకు. జీవితమంతా ఎవరి దగ్గరా చేయి చాచనందుకు కట్టే జరిమానా అది. దాన్ని జరిమానా అనే నేను అంటాను.

ఇక ఆడవాళ్లతో ఒక మాట. ఇది కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే దీని మీద మా ఇళ్లలోనే నేను చాలా వాదించాను. ఇంట్లో అవసరం వస్తుంది. మెడలో గొలుసు తీసి ఇస్తారు. ఆయన బ్యాంకుకు తీసుకెళ్లి తన పేరు మీద కుదువ పెడతారు. వడ్డీ కట్టడానికి మీరు కుట్టు డబ్బులు ఇస్తారు. ఏడాదికి గొలుసు ఇంటికి వస్తుంది. బంగారం మీది, తీర్చిన డబ్బు మీది, అప్పు బాగా తీర్చాడన్న పేరు మాత్రం ఆయన ఖాతాలో పడుతుంది. ఇందులో ఆయన చేసిన మోసం ఏమీ లేదు, అలవాటుగా జరిగిపోతుంది అంతే. తర్వాత ఎప్పుడో ఆయన లేని రోజు వస్తే, ఆ ఇల్లాలు బ్యాంకులో కొత్త మనిషి. అందుకని చెబుతున్నాను, మీ బంగారం కుదువ పెట్టవలసి వస్తే మీరే వెళ్లండి, మీ పేరు మీదే పెట్టండి. సేటు దగ్గర కాదు, బ్యాంకులో. సేటు దగ్గర పెట్టింది ఈ లెక్కలోకి రాదు, బ్యాంకులో పెట్టింది వస్తుంది. బంగారం అప్పుకు పాత చరిత్ర పెద్దగా అడగరు కూడా. రెండున్నర లక్షల లోపు బంగారం అప్పుకు ఆదాయం లెక్కలు తీయనక్కర్లేదని రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల్లోనే ఉంది.

వెనకనుంచి ఒక చెల్లెలు ఏదో అడుగుతోంది... గట్టిగా చెప్పమ్మా. ‘స్కోరు లేకపోతే అప్పు ఇవ్వకూడదని రూలు ఉందా?’ మంచి ప్రశ్న. నేను చివర్లో చెబుదామనుకున్నాను, ఇప్పుడే చెబుతాను.

లేదు. అలాంటి రూలు లేదు. సరిగ్గా దానికి ఎదురు రూలు ఉంది. 2025 జనవరి 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లో, మొదటిసారి అప్పు అడిగేవారి దరఖాస్తును క్రెడిట్ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించవద్దని ఉంది. అదే సంవత్సరం ఆగస్టులో ఆర్థిక శాఖ సహాయ మంత్రి లోక్‌సభలో ఈ సంగతే చెప్పారు. ఇంత స్కోరు ఉండి తీరాలని రిజర్వ్ బ్యాంకు ఏ కనీస అంకెనూ పెట్టలేదని కూడా చెప్పారు. దీని అర్థం బ్యాంకు మీకు అప్పు ఇచ్చి తీరాలని కాదు. ఆదాయం చూస్తుంది, పని చూస్తుంది, ఇంకా ఎన్నో చూస్తుంది. ఆ చూడటం అనే పని చేయాలి. అంకె చూసి కాగితం మూసేయకూడదు. కాబట్టి ఎవరైనా ‘సిబిల్ లేదు, కుదరదు’ అంటే లేచి వచ్చేయకండి. మర్యాదగానే, గొంతు పెంచకుండా, ‘కారణం కాగితం మీద రాసి ఇవ్వండి’ అని అడగండి. తిరస్కరిస్తే ముఖ్య కారణాలు రాతపూర్వకంగా తెలపాలన్న నియమం ఎప్పటినుంచో ఉంది. నా అనుభవంలో, రాసి ఇవ్వమన్న మాటతోనే సగం దరఖాస్తులు మళ్లీ తెరుచుకుంటాయి. అప్పటికీ కాకపోతే ముందు బ్యాంకుకే ఫిర్యాదు రాయండి. ముప్పై రోజులు చూసి, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి, పెట్టండి. 14448కు ఫోను చేస్తే ఎలా పెట్టాలో చెబుతారు.

రూలు ఉంది కదా అని చేతులు కట్టుకుని కూర్చుంటే లాభం లేదు. తక్కువ ఖర్చుతో, మెడకు ఉరి బిగియకుండా, మన పేరు ఆ అప్పుల చరిత్రలోకి ఎలా ఎక్కించాలో చూసుకోవాలి.

బండి మీద వ్యాపారం చేసేవాళ్లకు స్వనిధి అనే కేంద్ర ప్రభుత్వ అప్పు పథకం ఉంది. 2020 జూన్‌లో మొదలైంది. అప్పట్లో మొదటి విడత 10,000, ఇప్పుడు 15,000. అది తీరిస్తే 25,000, అదీ తీరిస్తే 50,000. తాకట్టు లేదు. వేళకు కడితే ఏడాదికి 7 శాతం చొప్పున వడ్డీ రాయితీని ప్రభుత్వం మీ ఖాతాలో వేస్తుంది. గుర్తింపు కార్డు లేదా మున్సిపాలిటీ సిఫారసు పత్రం కావాలి. మోండా మార్కెట్ దగ్గర ఉల్లిగడ్డలు అమ్మే ఒకాయనకు ఇదే మొట్టమొదటి బ్యాంకు అప్పు. మొదటి విడత తీరిన తర్వాత ఆయన తన స్కోరు చూసుకుని, ఆ అంకెను బండి తక్కెడ పక్కన చాక్‌పీసుతో రాసుకున్నాడు. నేను కళ్లారా చూశాను.

ఇంట్లో ఉండేవాళ్లకు, చిన్న ఉద్యోగాల వాళ్లకు డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు మంచి దారి. 15,000, 20,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే దాని మీదే కార్డు ఇస్తారు. మీ డబ్బే హామీ కాబట్టి చరిత్ర అడగరు. డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది. ఆ కార్డుతో ఏం చేయాలి? గ్యాస్ సిలిండరు, కరెంటు బిల్లు. అంతే. ఇంకేమీ కొనకండి. బిల్లు వచ్చాక మొత్తం కట్టేయండి. బిల్లు మీద ‘కనీస మొత్తం’ అని ఒక చిన్న అంకె వేస్తారు, దాని జోలికి పోవద్దు. ఆ కనీసం కట్టి ఊరుకుంటే మిగిలిన దాని మీద చాలా కార్డులకు నెలకు 3 శాతం పైన వడ్డీ పడుతుంది. అంటే మళ్లీ గిరిగిరి దారే. ఆరు నెలలు ఇలా నడిపితే మామూలుగా మీ పేరు మీద ఒక స్కోరు పుడుతుంది.

గల్లా పెట్టెలోకి వచ్చే డబ్బు కూడా వీలైనంత ఖాతాలోకి రానివ్వండి. క్యూఆర్ కోడ్ కాగితం అతికించుకుంటే చాలు. ఇది స్కోరు కాదు. కానీ స్కోరు లేని మనిషి ఆదాయం ఎంతో చూపించడానికి ఏడాది ఖాతా లెక్క కంటే మంచి సాక్ష్యం లేదు. మీ అనుమతితో ఆ లెక్కను ఒక బ్యాంకునుంచి మరో బ్యాంకుకు నేరుగా పంపే అకౌంట్ అగ్రిగేటర్ పద్ధతి 2021 నుంచి నడుస్తోంది. అద్దెను కూడా చేతికి ఇవ్వకుండా ఖాతాలోంచి పంపితే, ఆ నోటు పుస్తకంలో పొడి సంతకాలు చేసిన పని బ్యాంకు కాగితం చేస్తుంది. ఇంటి అద్దెలు, కరెంటు బిల్లులు కూడా అప్పు ఇచ్చేవాళ్లు మనసుపెట్టి చూసే రోజు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఈ గది నిండా ఉన్నవాళ్ల నిజాయితీ అక్కడే ఉంది.

ఒక్క దారిలోకి మాత్రం వెళ్లకండి. ఫోనులో అయిదు నిమిషాల్లో అప్పు, సిబిల్ అక్కర్లేదు అనే యాప్‌లు. 2020 డిసెంబరులో ఈ నగరంలో ఏం జరిగిందో మనం పేపర్లలో చదివాం. ఫోనులో ఉన్న నంబర్లన్నీ లాగి, చుట్టాలకు, స్నేహితులకు ఫోన్లు చేసి పరువు తీస్తే, తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. 2022లో రిజర్వ్ బ్యాంకు నియమాలు పెట్టింది. అప్పు డబ్బు నేరుగా మీ ఖాతాలోనే పడాలి, నిజంగా పడే వడ్డీ ఎంతో ముందే ఒక పత్రంలో చూపించాలి. ఏ బ్యాంకు తరఫునో, ఏ ఫైనాన్స్ కంపెనీ తరఫునో చెప్పని యాప్‌ను ఫోనులోంచి వెంటనే తీసేయండి.

ఇంకొకటి, జామీను, అంటే వేరేవాళ్ల అప్పుకు హామీగా సంతకం పెట్టడం. ‘ఊరికే సంతకం కదా అన్నా’ అని పెట్టిస్తారు. ఆ అప్పు మీ అప్పుల చరిత్ర చూపించే రిపోర్టులో కూడా కనిపిస్తుంది. వాడు కట్టకపోతే మచ్చ మీకూ పడుతుంది. నేను అప్పే చేయలేదు, నా చరిత్ర ఖాళీ అనుకునేవాళ్లు కూడా ఒకసారి చూసుకోవలసింది ఇందుకే. నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పు కనిపిస్తే ఫిర్యాదు పెట్టండి. ముప్పై రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు వంద రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

సీతాఫల్‌మండి ఆవిడను నేను మళ్లీ కలిశాను. వెతుక్కుంటూ వెళ్లాను. నా తప్పు చెప్పుకున్నాను. ఆమె మంచినీళ్లు ఇచ్చింది, ఆ సంగతి మీద ఒక్క మాట కూడా అనలేదు. మిషన్లు రెండూ ఉన్నాయి. నోటు పుస్తకం రెండోది నడుస్తోంది. కిందటేడు తన గొలుసు తన పేరు మీదే బ్యాంకులో పెట్టి, తొమ్మిది నెలల్లో విడిపించుకుంది. మూడో మిషనుకు దరఖాస్తు పెడదామని నేనే వెంట పడుతున్నాను. ఇంకా పెట్టలేదు. మళ్లీ కాదంటారేమోనని వెనకాడుతోంది. ఆ జంకు నావల్ల వచ్చిందే.

సరే, ఎనిమిదింటిదాకా నేను ఇక్కడే పక్క గదిలో ఉంటాను. పాన్ కార్డు, మీ సొంత ఫోను పట్టుకుని వరుసగా రండి, ఉచిత రిపోర్టు ఎలా తీసుకోవాలో ఒక్కొక్కరికీ చూపిస్తాను. వచ్చే వారం దరఖాస్తు పెట్టేవాళ్లు ఉంటే బ్యాంకుకు నేనూ తోడు వస్తాను. మీ ఫోనుకు ఒక ఓటీపీ వస్తుంది. దాన్ని పైకి చదవకండి, నాకు కూడా చెప్పకండి. మీ వేలితో మీరే కొట్టండి.